సల్ల పథ్యం

నాకు సల్ల అంటే అసహ్యం. మా ఎడపల్లి వైపు ఈ మాట పైకి అంటే పిచ్చిదాన్ని చూసినట్టు చూస్తారు. పుస్తకాల్లో చల్ల, కోస్తా వాళ్ళ నోట మజ్జిగ, మా ఇళ్ళలో సల్ల. పేరేదైతేనేం, దాని పులిసిన వాసన తగిలితే ఇప్పటికీ లేచి అవతలికి పోతాను. లోకమంతా దాన్ని దాహానికి తాగుతుంది. నేను నెల పైచిలుకు మూడు పూటలా దాన్ని తిన్నాను.

ఇది అరవై ఏడో సంవత్సరం మాట. ఇన్నేళ్ళకు ఎందుకు రాస్తున్నానంటే, మొన్న మా వాడకట్టులో ఒక పిల్లకు పన్ను పీకించుకొచ్చారు. పలకరిద్దామని వెళితే ఆ పిల్ల ముందర గట్టి రొట్టె, ఎల్లిపాయ కారం. "పథ్యం పెట్టిన" అన్నది వాళ్ళమ్మ గొప్పగా. పన్ను పీకిన నోటికి కారం! ఆమెను నాలుగు తిట్టి, ఇంటికొచ్చి కాగితాలు ముందేసుకున్నాను. తిడితే ఒక్క ఇంటికే వినబడుతుంది, రాస్తే పది ఇళ్ళకైనా పోతుందని.

నేను నిజామాబాద్ టౌన్‌లో పుట్టి, ఏడో తరగతి దాకా చదివి, ఎడపల్లిలో చెరుకు రైతు ఇంటికి కోడలినై వచ్చినదాన్ని. అప్పటికి పెళ్ళయి ఏడేళ్ళు. ఇంట్లో మా ఆయన, మా అత్త రాజవ్వ, నాలుగేళ్ళ కూతురు సుగుణ. మామ ఎప్పుడో పోయాడు. అత్త పని రాక్షసి. మాట తక్కువ, ఆ కాస్త మాట కూడా కొంగు నోటికి అడ్డం పెట్టుకునే. అందరికీ వడ్డించి, అందరూ లేచాక, వంటింట్లో గోడవైపు తిరిగి కూర్చుని తినేది. పాతకాలం మర్యాద కాబోలు అనుకునేదాన్ని. ఏటా పుష్యమాసంలో ఆమె చుట్టే సకినాలకు ఊళ్ళో పేరుండేది. చుట్టు మీద చుట్టు, ఒక్కటి వంకర పోదు. తిన్నాక చెంబెడు నీళ్ళు తాగాల్సి వచ్చేది, అది వేరే సంగతి.

పళ్ళ విషయంలో నాకు గర్వం ఉండేది, దాచుకోను. చెరుకు గడ చేతికిస్తే కత్తి అడగకుండా కొసనుంచి మొదటిదాకా పళ్ళతోనే చెక్కు తీసేసేదాన్ని. మా ఆయన స్నేహితులతో పందేలు కాసేవాడు. ఆ ఏడు బతుకమ్మ పండుగ ముందు, చేను గట్టు మీద కూర్చుని గణుపు దగ్గర కొరికాను. కుడివైపు కింది దవడ పన్ను టక్కుమన్నది. పక్కనున్నవాళ్ళకు కూడా వినబడింది. నవ్వేశాను. ఆ నవ్వే ఆఖరు, మళ్ళీ సంక్రాంతి దాకా నవ్వు మొహం ఎరగను.

దసరాకి ఆ పన్ను సలపడం మొదలుపెట్టింది. దాని పక్కవి ఎప్పటినుంచో పిప్పిపట్టి ఉన్నాయట, ఇది పగిలి వాటిని కూడా లేపింది. లవంగం పెట్టాను. ఎవరో జిల్లేడు పాలు పెట్టమన్నారు, పెట్టాను. బుద్ధున్నవాళ్ళు ఎవరూ ఆ పని చేయకండి. పన్ను సంగతి దేవుడెరుగు, బుగ్గ లోపలి తోలు ఊడి వచ్చింది. తరవాత పంటి పురుగు తీసే మనిషిని పిలిపించారు. ఆమె వాకుడు గింజలు నిప్పుల మీద వేసి, ఆ పొగను గొట్టంతో నా నోట్లోకి ఊది, కింద పళ్ళెంలో నీళ్ళు పెట్టింది. కాసేపటికి నీళ్ళలో తెల్లగా, సన్నగా ఏవో తేలాయి. "సూడుండ్రి, ఎన్ని పురుగులో!" అంది. వాడకట్టు ఆడవాళ్ళంతా వంగి చూశారు. అవి ఆ గింజల్లోంచే వచ్చిన పీచులని నాకు చాలా రోజుల తరవాత తెలిసింది. అప్పుడు మాత్రం నా నోరు పురుగుల పుట్ట అని నమ్మి, రెండు రోజులు ముద్ద మింగలేకపోయాను.

దీపావళి నాటికి బుగ్గ ఉబ్బి కన్ను సగం మూసుకుపోయింది. చిగురు కింది నుంచి చీము ఊరేది. దాని రుచి చెప్పను గాని, నాకు నా ఉమ్మి మింగాలంటేనే రోత పుట్టేది. నోటి వాసన నాకే తెలిసేది. నేను పండుకున్న దిండు గలీబు కూడా కంపు కొట్టేది. ఒక పొద్దున సుగుణను దగ్గరికి తీసుకోబోతే ముక్కు మూసుకుని వెనక్కి జరిగింది.

"అవ్వా, నీ నోట్ల ఏదో సచ్చింది" అన్నది.

మా వైపు అవ్వ అంటే అమ్మ, బాపమ్మ అంటే నాయనమ్మ. ఆ రోజు నుంచి అది వాళ్ళ బాపమ్మ దగ్గర పండుకోసాగింది. చీము కన్నా, నొప్పి కన్నా, నాకు అదే ఎక్కువ తగిలింది. నాలుగేళ్ళ పిల్ల అబద్ధం చెప్పదు కదా.

కార్తీకంలో టౌన్‌కు పోక తప్పలేదు. మా ఆయన రావాలి, కానీ సరిగ్గా అప్పుడే చక్కెర ఫ్యాక్టరీ నుంచి చెరుకు కోతకు చిట్టీ వచ్చింది. ఆ తేదీ తప్పితే చెరుకు చేలోనే ఎండుతుంది.

"నేనెట్ల వస్త? రేపటి సంది బండ్లు కట్టాలె. అవ్వ తోలుకపోతది" అన్నాడు, నా మొహం చూడకుండా.

అత్త నన్ను బస్సెక్కించింది. దారి పొడుగునా చెరుకు బండ్లు, ఫ్యాక్టరీ మడ్డి వాసన. అంతకు ముందు ఆ తియ్యటి కుళ్ళు వాసన మాకు పట్టేదే కాదు. ఆ రోజు అది నా నోట్లోంచే వస్తున్నట్టు తోచి, కిటికీలోంచి బయటికి కక్కుకున్నాను.

పళ్ళ డాక్టరు దగ్గర బయట రెండు బెంచీలు, వాటి మధ్య ఒక ఇనుప బకెట్. అందరూ అందులోనే ఉమ్మాలి. నెత్తురు, దూది, తమలపాకు ఎరుపు, ఎవరిదేదో తెలియదు. రెండు గంటలు ఆ బకెట్ పక్కనే కూర్చున్నాను. లోపల నుంచి ఎవరో అరిచినప్పుడల్లా నా పక్కనున్న మనుషులు అంగుళం అంగుళం తలుపుకు దూరం జరిగారు. నేను బకెట్ మీదికి వంగి ఓకరిస్తుంటే నా చుట్టూ చోటు ఖాళీ అయింది. ఒక ముసలి బీబీ మాత్రం తన చోటు వదిలి నా పక్కకు వచ్చింది. ఒక చేత్తో నా నుదురు పట్టుకుని, రెండో చేత్తో తన రుమాలు నా గదవ కింద పెట్టింది.

"సబర్ బేటీ, సబర్" అని ఓర్చుకోమన్నది.

ఆమె బుగ్గ నాకన్నా ఎక్కువ వాచి ఉంది. తన వంతు వచ్చినప్పుడు నన్ను ముందు పొమ్మంది. ఆ రుమాలు తిరిగి ఇవ్వలేదు, ఇచ్చే స్థితిలో లేదు అది. ఇప్పుడు ఎక్కడుందో ఆ తల్లి.

డాక్టరు కోస్తా మనిషి, మాట వింటేనే తెలుస్తుంది. మంచివాడే, కాని తొందర మనిషి. నాలుగు పళ్ళు పీకాడు. మిగిలిన మూడు పిప్పి పళ్ళ కింద చీము దవడ ఎముకకు తగిలిందని, అన్నీ ఒక్కసారే తీస్తే నేను తట్టుకోలేనని చెప్పాడు. నా కింది రెప్ప లాగి చూశాడు. నా నోటినిండా దూది, కాబట్టి చెప్పేదంతా అత్తకే చెప్పాడు.

"ఒంట్లో రక్తం లేదమ్మా ఈమెకి. నెల రోజుల్లో బలం పుంజుకుంటేనే మిగతావి ముట్టుకుంటాను. లేకపోతే చెయ్యి వెయ్యను. అలాగని వాటిని వదిలేస్తే ఆ చీము గొంతులోకి దిగుద్ది, ప్రాణానికే ముప్పు. వేడివేడిగా ఏమీ పెట్టొద్దు. అన్నీ చల్లగా పెట్టండి, మెత్తగా పెట్టండి. బలమైన తిండి పెట్టండి."

"సల్లగనా? సల్లకేం కొదవ అయ్యా, రెండు బర్లున్నయి ఇంట్ల" అన్నది అత్త కొంగు చాటునుంచి.

"మంచిది" అన్నాడాయన, చేతులు కడుక్కుంటూ.

ఆ మాటలన్నీ నేను విన్నాను. ఏడో తరగతి చదివినదాన్ని, టౌన్‌లో పెరిగినదాన్ని. నాకు కూడా అందులో తప్పేం కనపడలేదు. డాక్టరు సల్ల పెట్టమన్నాడు, అత్త సల్ల పెడుతుంది. మా చెవులు అట్లా ఉన్నాయి మరి.

మర్నాటి నుంచి మొదలైంది. పొద్దున జొన్నరవ్వతో కాచిన గటక, సల్ల. పగటికి మెత్తటి సద్ది అన్నం, సల్ల. మాపటికి మళ్ళీ గటక, మళ్ళీ సల్ల. పప్పు అడిగితే చీము పడుతుందన్నది అత్త. పాలు అడిగితే అవీ చీమే అన్నది. గుడ్డు వాతం. ఇదంతా ఆమె కనిపెట్టింది కాదు, మా వైపు ఎవరినడిగినా అదే చెబుతారు. పుండున్న మనిషికి ఒంటికి పట్టేది ఏది పెట్టినా చీమవుతుందట. డాక్టరు బలమైన తిండి అన్నాడని గుర్తు చేస్తే, "సల్లల బలం లేదా?" అనేది. పుండు తొందరగా మానుతుందని అందులో ఇంత ఉప్పు కలిపేది. ఆ పులుపూ ఆ ఉప్పూ కలిసి పీకిన గుంతల్లోకి దిగితే నేను మంచం కోడు పట్టుకుని మెలికలు తిరిగేదాన్ని.

గటక చల్లబడితే ఎట్లా ఉంటుందో తెలుసుగా. పైన నీళ్ళు తేలి, కింద ఉండలు ఉండలుగా, నాలుకకు తగిలితే జిగటగా. నోట్లోకి పోగానే నమలకుండా జారిపోవాలి, కాని అది జారదు. అంగిట్లో కూర్చుంటుంది. చలికాలం కావడంతో గొంతు నిండా కఫం. తిన్నది నిలిచేది కాదు. కక్కినప్పుడు కూడా అదే వాసన, అదే రంగు, తేడా లేదు. వారం తిరిగేసరికి అత్త గిన్నె పట్టుకొచ్చే చప్పుడు వింటేనే నాకు నోట్లో నీళ్ళూరి డోకు వచ్చేది. పదిహేను రోజులయ్యేసరికి గిన్నె మీద, గటక మీద ఉన్న అసహ్యం అత్త మీదికి మళ్ళింది. ఆమె చేతులన్నా, ఆమె కొంగన్నా, ఆమె నా పక్కన గొంతుకూర్చుని "జరంత మింగు బిడ్డా, మింగు" అనడమన్నా నాకు అసహ్యం వేసేది. ఒకసారి గిన్నెను చేత్తో తోసేశాను. గటకంతా ఆమె చీర మీద పడింది. ఆమె తుడుచుకుని ఇంకో గిన్నె తెచ్చింది.

మా ఆయన చెరుకు కోతల్లో పడి ఇంటికి చీకటి పడ్డాకే వచ్చేవాడు. చెబితే వినే ఓపిక లేదు ఆయనకు.

"అవ్వ నీ మంచికే పెడ్తున్నది గద. డాక్టరు జెప్పిందే పెడ్తున్నది" అనేవాడు.

"నువ్వు తిను ఒక్క పూట" అన్నాను.

"నాకు పండ్లున్నయి" అన్నాడు. ఆ మాటకు ఆయనను ఇప్పటికీ క్షమించలేదు.

నెల గడిచేసరికి నిలబడితే కళ్ళు తిరిగేవి. సగం బిందె నీళ్ళు ఎత్తలేక పెరట్లో కూలబడ్డాను. చేతి గాజులు మోచేతి దాకా జారేవి. బుగ్గ మళ్ళీ బరువెక్కసాగింది, చీము రుచి మళ్ళీ నాలుకకు తెలిసింది. నిజంగా భయం వేసింది నాకు. ఇట్లా పోతే డాక్టరు తిప్పి పంపిస్తాడు. తిప్పి పంపిస్తే చీము గొంతులోకి దిగుతుంది. సుగుణ నన్ను ఏమని గుర్తు పెట్టుకుంటుంది? నోట్లో ఏదో చచ్చిన అవ్వ అనేగా.

మార్గశిరంలో మళ్ళీ టౌన్‌కు పోయాం, నేనూ అత్తా. డాక్టరు నన్ను చూసి మొహం చిట్లించాడు.

"ఏంటమ్మా, ఇంకా చిక్కిపోయావు? ఏం తింటున్నావు?"

అత్త నాకన్నా ముందే అందుకుంది. "నువ్వు జెప్పినట్టె అయ్యా. సల్లనే. పొద్దుగాల సల్ల, పగటికి సల్ల, మాపటికి సల్ల. ఒక్క పూట తప్పలే."

"చల్లేంటి?"

"అన్ని సల్లగ పెట్టుమని నువ్వే జెప్తివి గద. గటకల గూడ సల్లనే పోసిన."

ఆయన నన్ను వదిలి అత్త వైపు తిరిగాడు. గట్టిగా అరిచాడు. "చల్లగా అంటే చల్లారబెట్టి అనమ్మా! మజ్జిగ అని ఎవరన్నారు? బలమైన తిండి అన్నానా లేదా? రెండు గేదెలున్నాయన్నావు, పాలేమయ్యాయి? పప్పేమయింది?"

"పప్పు చీము గాదా అయ్యా?"

"ఆ చీము పంటిలోంచి వచ్చింది, పప్పులోంచి రాలేదు! కోడల్ని చంపుతావా?"

తలుపు అవతల బెంచీల మీద జనం గొల్లున నవ్వారు. ఎవరో "మజ్జిగ వైద్యం" అన్నారు. నొప్పితో వచ్చినవాళ్ళు కూడా బుగ్గలు పట్టుకుని నవ్వారు. అత్త కొంగు కళ్ళదాకా లాక్కుంది. నాకు జాలి కలగలేదు, ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను. మంచిపని అయిందనుకున్నాను.

డాక్టరు పదిహేను రోజులు గడువిచ్చాడు. ఆ లోపల రెప్ప కింద ఎరుపు కనపడకపోతే తన దగ్గరికి రావద్దన్నాడు. తిరుగు బస్సులో అత్త సీటు కొసన కూర్చుంది. ఇల్లు చేరేదాకా ఆగలేక నేనన్నాను: "ఇగ నీ సల్ల నువ్వే తాగు."

"సరె బిడ్డ" అన్నది ఆమె.

ఆ రాత్రే మా ఆయన సంగతంతా విని, మా చేను పక్కన సాగు చేసుకునే వీరమ్మగారింటికి సాయం అడగడానికి పోయాడు. వాళ్ళు కృష్ణా జిల్లా నుంచి వచ్చి కాలువ కింద పొలం కొనుక్కున్నవాళ్ళు. మా అత్తకూ ఆమెకూ అంతకు ముందు గట్టు తగాదాలే గాని మాటల్లేవు. మర్నాడు పొద్దున్నే ఆమె ఇత్తడి గిన్నె మీద పళ్ళెం మూసి పట్టుకొచ్చింది.

"చల్లారబెట్టే తెచ్చానమ్మాయ్, భయపడకు. పెసరపప్పు, బియ్యం కలిపి మెత్తగా ఉడకేసి, మెదిపి నెయ్యి వేశాను. నోట్లో వేసుకుంటే దాని పాటికదే దిగిపోద్ది."

మొదటి ముద్ద నాకింకా గుర్తుంది. గోరువెచ్చగా ఉంది. ఏ గుంతకూ గుచ్చుకోలేదు, ఏ పుండునూ మండించలేదు. ముద్ద కడుపులోకి పోయి అక్కడే ఉండిపోయింది. అంతే, నేను భోరున ఏడ్చాను. వీరమ్మగారు కంగారుపడి, ఉప్పు చాల్లేదా అని అడిగింది.

ఆమె రెండు రోజులు వచ్చి మా వంటింట్లో కూర్చుని అత్తకు చూపించింది. బొంబాయి రవ్వ పాలల్లో పలచగా జావ కాయడం, కోడిగుడ్డు గిలక్కొట్టి గోరువెచ్చటి పాలల్లో పోయడం, అరటిపండు మెదపడం, నాటుకోడి ఎముకల నీళ్ళు గుడ్డలో వడకట్టడం. పప్పు చీమవుతుందని అత్త గొణిగితే, "మా ఊళ్ళోనూ అంటారు లేవే రాజమ్మా, అనేవాళ్ళు అంటూనే ఉంటారు" అని నవ్వేసింది. అత్త పక్కన కూర్చుని చూసి నేర్చుకుంది. ఆమె చెయ్యి పడ్డాక అవి వీరమ్మగారి వాటికన్నా మెత్తగా వచ్చేవి. పప్పన్నాన్ని రోట్లో వేసి, మెతుకన్నది లేకుండా నూరేది. పెట్టేముందు గిన్నెను తన చెంపకు ఆనించి వేడి చూసేది. అంత మెత్తదనం ఆమెకు ఎట్లా తెలుసో నాకప్పుడు తట్టలేదు.

పది రోజులకు నేను ఎవరి చెయ్యీ పట్టుకోకుండా వంటింటి దాకా నడిచాను. పగటి పూట, అందరి తిండ్లూ అయిపోయాయి. నీళ్ళకని పోతే అత్త గోడవైపు తిరిగి కూర్చుని తింటోంది. ఆ వాసన నాకు గుమ్మం దగ్గరే తగిలింది.

"గదేందత్తా తింటున్నవు? రొట్టెలున్నయి, కూరున్నది గద."

ఆమె ఉలిక్కిపడి గిన్నె చాటు చేసింది. నేను వంగి చూశాను. గటక. సల్ల. వేళ్ళతో పిసికి పిసికి గుజ్జు చేసి పెట్టుకుంది.

"నేను అన్నదానికి కోపమొచ్చిందా? తాగుమంటే నిజంగ తాగుతున్నవా?"

"కోపమేంది బిడ్డా, నాకు గిదే అల్వాటు" అన్నది. కొంగు కోసం చెయ్యి ఎత్తింది గాని, వేళ్ళకు గటక అంటుకుని ఉండటంతో నోటికి అడ్డం పెట్టుకోలేకపోయింది. ఏడేళ్ళలో మొదటిసారి ఆమె నోరు చూశాను. కింద రెండు నల్లటి మోళ్ళు. పైన ఏమీ లేదు.

"నీ పండ్లేవి అత్తా?"

"నీ మొగని లగ్గం కాకముందే పోయినయి. ఒకదాని ఎన్క ఒకటి సలిపినయి. దారం కట్టి గుంజుకున్న."

"ఎవ్వలకు జెప్పలేదా?"

"ఏమని జెప్పాలె? కొడుకు ముందట నోరు దెరిచి సూపియ్యాల్నా?" గిన్నె వైపు చూస్తూ అన్నది. "పన్నెండేండ్ల సంది గిదే తింటున్న. నేను సచ్చిన్నా? అందుకే నీకు గూడ గిదే పెట్టిన. డాక్టరు సల్ల అన్నడనంగనే నాకు పానం నిమ్మళమైంది. పండ్లు లేనోళ్ళ తిండి నాకు ఎరుకే గద అనుకున్న."

నేను అక్కడే గడప మీద కూర్చుండిపోయాను. నెల రోజుల తిండికి నేను ఊరంతా వినేటట్టు ఏడ్చాను. గిన్నె ఆమె ఒళ్ళో తోశాను. పదిమంది ఆమెను చూసి నవ్వుతుంటే లోపల సంతోషపడ్డాను. ఆమె పన్నెండేళ్ళు తిన్నది, గోడవైపు తిరిగి. దాన్ని నేను మర్యాద అనుకున్నాను. ఆ పూట నాకు పుట్టిన అసహ్యం గటక మీద కాదు, సల్ల మీద కాదు. నా మీద నాకే పుట్టింది, ఇంట్లో పళ్ళున్న మనుషులందరి మీదా పుట్టింది.

నా గిన్నెలోని పెసరపప్పు అన్నం తెచ్చి ఆమె ముందు పెట్టాను. బలవంతం మీద ఒక ముద్ద నోట్లో పెట్టుకుంది. మొహం చిట్లించింది.

"ఛీ! సంటిపిల్ల కక్కినట్టున్నది గదనే. పులుపు లేదు, కారం లేదు. నువ్వెట్ల తింటున్నవే దీన్ని?"

ఆ తరవాత నా పళ్ళెం వేరు, ఆమె పళ్ళెం వేరు చేశాం. ఆమెకు అన్నం నూరి అందులో పచ్చిపులుసు పోస్తే తిన్నది. పప్పు మెదిపి చింతపండు పిండితే ఇంకో ముద్ద అడిగింది. మా ఆయనకు నేనే చెప్పాను. ఆయన ఆ పూట సగం రొట్టె వదిలేసి లేచాడు.

పుష్యం మొదట్లో డాక్టరు నా రెప్ప లాగి చూసి తల ఊపాడు. మిగతా మూడూ తీసేశాడు. గొంతుకు దిగాల్సిన చీము బకెట్‌లోకి దిగింది. తరవాత అత్త వైపు తిరిగి ఏదో చెప్పబోయాడు.

"సమజైంది అయ్యా" అన్నది అత్త. "సల్లార్చి. సల్ల గాదు."

ఆయన పడిపడి నవ్వాడు. అత్తకు కట్టుడు పళ్ళు పెట్టమని, నోట్లో దూదితోనే సైగలు చేశాను. అత్త నా చెయ్యి పట్టుకుని బయటికి లాక్కొచ్చింది. కాటికి పోయేముందు కొత్త పళ్ళు ఎవరిని కొరకడానికి అన్నది.

వారం తరవాత ఒక రాత్రి సుగుణ నా మంచం దగ్గరికి వచ్చి, నా నోటి దగ్గర ముక్కు పెట్టి వాసన చూసింది. "ఏం లేదు" అని, పక్కన చోటు చేసుకుని పండుకుంది.

అప్పటికి సకినాల రోజులు వచ్చాయి. అత్త ఎప్పటిలాగే తెల్లగుడ్డ పరిచి, బియ్యప్పిండిలో నువ్వులు, ఓమ, ఉప్పు కలిపి చుట్టడం మొదలుపెట్టింది. దేవుడి ముందు పెట్టనిదే పిండి రుచి చూడకూడదు మా ఇంట్లో. నూనెలో కాల్చిన సకినాలు దేవుడి ముందు పెట్టి గంపకెత్తింది. మా ఆయన కటకటా నమిలాడు. నేను నా సకినం చేతిలో పట్టుకుని, కొరికే దారి లేక దాన్నే చూస్తూ కూర్చున్నాను. అప్పుడు తట్టింది. పన్నెండేళ్ళు ఊరందరికీ సకినాలు పంచిన మనిషి ఒక్కటి తినలేదు.

ఐదారు సకినాలు రోట్లో వేసి దంచాను.

"ఏం జేస్తున్నవే, పిచ్చిదానా? పొడి జేస్తె దాన్ని సకినమంటరా?" అని అత్త కేకలేసింది.

ఆ పొడిని గోరువెచ్చటి పాలతో తడిపి రెండు గిన్నెల్లో పెట్టి, ఒకటి ఆమె చేతికిచ్చాను. ఇద్దరం ఇంటి మధ్యలో కూర్చున్నాం. ఆమె కొంగు తీసి భుజాన వేసుకుని ఒక ముద్ద నోట్లో పెట్టుకుంది. చిగుళ్ళతో మెల్లగా నలిపింది. మింగింది. నా వైపు చూసింది, కొడుకు వైపు చూసింది, మళ్ళీ గిన్నె వైపు చూసింది.

"గింత ఉప్పున్నదేందే?" అన్నది. "ఇన్నేండ్ల సంది గిట్లనే వేస్తున్ననా? ఒక్కలన్న జెప్పకపోతిరేందే?"

మా ఆయన నమలడం ఆపేశాడు. నేను లేచి చెంబుతో నీళ్ళు తెచ్చి ఆమెకిచ్చాను.